అన్ని దేశాలకీ తెలిసిన మాట

"మామా," అంది ఆ పిల్ల. అలా అనడం అది పదోసారి.

ఇటలీలోని బారీ పాత ఊళ్ళో, శాన్ నికోలా గుడి వెనక సందు. ఇళ్ళ ముందు బల్లలేసుకుని ఆడవాళ్ళు బొటనవేలితో పిండి బిళ్ళలు నొక్కుతున్నారు. ఆ పిల్ల, నున్సియా అనే ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. పట్టు వదిలితే పడిపోయేలా ఉంది.

"ఏ దేశమే నీది?" అని అరిచింది నున్సియా. భాష రానివాళ్ళతో గట్టిగా మాట్లాడితే అర్థమవుతుందని ఆమె నమ్మకం.

పిల్ల పాస్‌పోర్టు తీసిచ్చింది. జార్జియా. పేరు మక్వాలా. పందొమ్మిదేళ్ళు. దాంతోపాటు ఎవరిచేతనో ఇటాలియన్‌లో రాయించుకున్న కాగితం ముక్క: "శాన్ నికోలా గుడి. గురువారం సాయంత్రం ఆరింటికి వేరే ఊరు ప్రయాణం." చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, తర్వాత ఖాళీ అరచెయ్యి చూపించింది. ఫోను దారిలో ఎవరో కొట్టేశారు.

"మామా," అని మళ్ళీ ఆ కాగితం మీద వేలు పెట్టింది.

"ఇంకేం చెప్పాలే? మామా అంటే అమ్మే కదా, తల్లి కోసం వచ్చింది," అంది నున్సియా. "ఈ ఒక్క మాటకి ఏ దేశంలోనూ తర్జుమా అక్కర్లేదు. ఆరింటికి ఆ తల్లి ఊరు విడిచి పోతోంది. ఇప్పుడు ఐదు దాటింది."

"మన సందులో జార్జియా ఆడది ఎవరుంది వదినా?" అంది ఎదురింటి ఫిలోమెనా.

"మీ అత్తకి ఆరేళ్ళు ఒళ్ళు కడిగిన మనిషిది ఏ దేశమో నీకు తెలుసా?"

ఫిలోమెనా చేతికంటిన పిండి దులుపుకుంది.

"ఇవాళ గురువారం. ముసలాళ్ళకి చాకిరీ చేసేవాళ్ళందరికీ సెలవు పూట. స్టేషన్ ముందు తోటలో కూర్చుంటారు. పరిగెత్తి ఎవరో ఒక జార్జియా మనిషిని పట్టుకురా. ఆ తల్లెవరో వాళ్ళకే తెలియాలి."

ఫిలోమెనా వెళ్ళింది. నున్సియా పిల్లకి టమాటా రుద్దిన రొట్టె పెట్టింది. రెండు ముక్కలు నమిలేసరికి పిల్ల తల బల్ల మీద వాలిపోయింది. మూడు రోజుల ప్రయాణం, ఒంటరిగా. లోపలి గదిలో పడుకోబెడితే బూట్లు కూడా విప్పకుండా నిద్రపోయింది. నున్సియా గది తలుపు మూసి వచ్చింది.

ఇంకో పావుగంటకి సందులోకి ఒక మగాడొచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. బట్టల నిండా సున్నం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఒక ఫోటో పట్టుకుని బల్ల బల్లకీ తిరుగుతున్నాడు. బడి బట్టల్లో ఉన్న చిన్నపిల్ల ఫోటో. నున్సియా చూసింది. అవే కనుబొమలు!

"మక్వాలా," అన్నాడు ఫోటో చూపిస్తూ.

"పేరు కూడా పట్టేశాడే!" అంది నున్సియా చుట్టూ ఉన్నవాళ్ళతో. "ఏరా, ఆ పిల్ల నీకెందుకు?"

అతనికి ఇటాలియన్ మూడు ముక్కలే వచ్చు: మొయ్యి, త్వరగా, రేపు రా. పరాయి కూలీకి మేస్త్రీలు నేర్పే చదువు అంతే.

"త్వరగా," అన్నాడు. గుండె మీద చెయ్యేసుకున్నాడు. "త్వరగా, త్వరగా!"

"ఎవరికి అప్పజెప్పాలిరా త్వరగా?" నున్సియా గోడవారనున్న చీపురు అందుకుంది. "విన్నారా? బేరం అయిపోయినట్టుంది వీడికి! స్టేషన్ నుంచీ వెంటపడి వచ్చాడు. తల్లిని వెతుక్కునే పిల్లల్నే ఏరుకుంటార్రా మీరు?"

బల్లల దగ్గర ఆడవాళ్ళంతా లేచారు. ఒకామె పిండి కర్ర ఎత్తింది. ఇంకొకామె నీళ్ళు కుమ్మరించింది. అతను తడిసిన చొక్కాతో అలాగే నిలబడ్డాడు. తిట్టలేదు, తిరగబడలేదు. అలసిపోయిన ఎద్దులా చూశాడు.

పాత ఊరి గోడ అవతల, సముద్రం రోడ్డు మీద లారీ హారన్ మోగింది. అతను అటు చూశాడు. నున్సియా ఇంటి వైపు చూశాడు. హారన్ మళ్ళీ మోగింది. అతను ఒకడుగు ముందుకేశాడు. చీపురు వీపు మీద పడింది. ఫోటో చేతిలోంచి జారింది. వంగబోతే రెండోసారి పడింది.

అతను వెళ్ళిపోయాడు.

"ఆడవాళ్ళం ఒక్కటైతే ఎవడాగుతాడు?" అంది నున్సియా. సందంతా చప్పట్లు కొట్టింది.

గుడి గంట ఆరు కొట్టింది. లారీ కదిలిన చప్పుడు కొంతసేపు వినబడి, ఆగిపోయింది.

అప్పుడొచ్చింది ఫిలోమెనా, రొప్పుతూ. వెనక లమారా అనే జార్జియా మనిషి. వచ్చీ రాగానే కుర్చీ లాక్కుని కూలబడింది.

"వారానికి ఒక్క పూట కూర్చుంటాను సిన్యోరా. అది కూడా చూడలేరా?"

"కోప్పడకు తల్లీ. మీ దేశం పిల్ల లోపల నిద్రపోతోంది. ఇందాకే ఒక వెధవ ఎత్తుకుపోబోయాడు. తన్ని తగిలేశాం! ఇదిగో, వాడు పారేసిపోయిన ఫోటో."

లమారా ఫోటో చూసింది. వెనక్కి తిప్పింది. అక్కడ ఏదో రాసి ఉంది. చదివి, నున్సియా చేతిలో చీపురు వైపు చూసింది.

"ఏం రాసుంది?"

"'మామాకి, నీ మక్వాలా.'"

"చూశారా! తల్లి దగ్గరున్న ఫోటో కూడా కొట్టేశాడు, దొంగ సచ్చినోడు!"

లమారా కుర్చీలోంచి లేవలేదు. "సిన్యోరా, మా భాషలో అమ్మని దేదా అంటాం," అంది. "మామా అంటే నాన్న."