చిట్టోడి నిలకడ

అది ఆగస్టు పన్నెండు. ఆ పొద్దున తిన్నది దిబ్బరొట్టె అని పద్మాకరంగారికి బాగా గుర్తు. చిట్టోడు నేలపాలు చేస్తే ఏరుకుని మరీ తిన్నారు. అప్పటికి కాకినాడలో మరమనిషి లేని ఇల్లు లేదు. చిట్టోణ్ణి మాత్రం ఆయన భార్య సుభాషిణి సరదాకొద్దీ తన చేతులతో తయారు చేసింది. ఆవిడ పోయినప్పటి నుంచీ వాడు మలుపు తిరిగితే చాలు, పడిపోతున్నాడు. ఒరిగితే సరిచేసే జైరో సెన్సారు రెండుసార్లు మార్చినా అంతే. పడిపోయే మరమనుషుల్ని ఇళ్లలో ఉంచకూడదని రూలు. మర్నాడు మున్సిపాలిటీ బండి వచ్చి వాణ్ణి తీసుకుపోతుంది.

సాయంత్రం పక్కింటి ఝాన్సీ వాణ్ణి చూడ్డానికి వచ్చింది. ఆయన ఎప్పటిలాగే ఉయ్యాల బల్ల మీద ఊగుతూ, పొద్దున పడ్డాక ఆపేసిన చిట్టోణ్ణి ఒళ్లో పెట్టుకుని స్విచ్చి వేశారు.

"రోజూ ఇలాగే వేస్తారా బాబాయిగారూ?"

"మీ పిన్నీ ఇక్కడే వేసేదమ్మా."

"ఊగుతూనా? స్విచ్చి వేసిన నిమిషం కదలకుండా ఉంటేనే కదండీ, నిలకడంటే ఏమిటో సెన్సారుకి తెలిసేది. మీరు మొదట్లోనే ఊగడం నేర్పి, వాడు తూలుతున్నాడంటే ఎలా?"

పద్మాకరంగారికి అప్పుడు గుర్తొచ్చింది. స్విచ్చి వేసేటప్పుడు సుభాషిణి కాలు నేలకి ఆనించి ఉయ్యాల ఆపేది. దేవుడికి దణ్ణం పెట్టుకుంటోందనుకుని, ఆ నిమిషంసేపూ ఆయన కూడా భక్తిగా కళ్లు మూసుకునేవారు.

ఆయనా కాలు నేలకి ఆనించి ఉయ్యాల ఆపి, మళ్లీ స్విచ్చి వేశారు. చిట్టోడు దిగి, వంటింటి మలుపు తిన్నగా తిరిగాడు.

"రేపు బండివాళ్లకి ఇదే చూపిద్దాం," అని ఝాన్సీ వెళ్లింది.

ఆయన ఇంకా కాలు నేలకి ఆనించే కూర్చుని ఉన్నారు. చిట్టోడు వెళ్లి, రాత్రికి వీధి తలుపు చప్పుడు కాకుండా మూశాడు.