తల లేని పట్టిక

“గురుస్వామన్నా, నీ పట్టికకు తల లేదు!”

నంద్యాల నుంచి శ్రీవాణి టీచరు ఫోన్లో అన్న మాటకు ఆళ్లగడ్డలో గురుస్వామి చేతిలోని ఉలి ఆగిపోయింది. తల లేని పని చేశావంటే ఏ శిల్పి పడతాడు?

టీచరుకు చూపు లేదు. ఆమె బడి పిల్లలకూ లేదు. బడి ముందర పెట్టే విగ్రహాన్ని మాత్రం వాళ్లే ఎంచుకుంటారు. గురుస్వామి వర్డ్‌లో చేసి పంపిన విగ్రహాల పట్టికను కంప్యూటరు పైకి చదివితే అందరూ చుట్టూ చేరి వింటారు. సాయంత్రంలోగా అది సరిగ్గా వినబడకపోతే పని ఇంకో శిల్పికి పోతుంది.

“ఇప్పుడే తల పెడతానుండు టీచరమ్మా!”

కాసేపటికే మళ్లీ ఫోను.

“ఏందన్నా ఇది? కంప్యూటరు పైవరసలో ‘బొమ్మ, బొమ్మ, బొమ్మ’ అంటాంది!”

“తలకాయలమ్మా! వినాయకుడిది, సరస్వతిది, కుమారస్వామిది. ఫొటోలు తీసి వరసగా పెట్టినా.”

టీచరు పడీపడీ నవ్వింది. “ఆ తలలు గాదన్నా! పైవరసలో విగ్రహం, ఎత్తు, వాహనం అని రాసి, ఇదే తలవరస అని కంప్యూటరుకు చెప్పాల. అప్పుడే ఏ గడిలో ఏముందో మాకు తెలుస్తాది.”

గురుస్వామి అదీ చేశాడు. ఈసారి ఫోనెత్తితే పిల్లల కేకలే తప్ప టీచరు గొంతు వినబడదే!

“అన్నా, నీ వినాయకుడు హంసనెక్కినాడు!” కేకల మధ్య నుంచి ఎట్టకేలకు టీచరు గొంతు వినబడింది.

“హంసనా? నలిగి చస్తాది గదమ్మా!”

“గడులేమన్నా కలిపినావా?”

“కంటికి ముచ్చటగా ఉంటాదని ఆడాడ కలిపినా.”

“నీ కంటికి ముచ్చటే, మా చెవికే తికమక. గడులు కలిపితే ఒకరి సొత్తు ఇంకొకరికి పోతాది. విడదీయప్పా!”

గురుస్వామి చెమట తుడుచుకుంటూ గడులన్నీ విడదీశాడు. హంసను సరస్వతికి, నెమలిని కుమారస్వామికి, ఎలుకను వినాయకుడికి ఎవరిది వాళ్లకు అప్పజెప్పి పంపాడు. పొద్దు వాలుతోంది. రాతిపొడి అంటిన చేతుల్లో ఫోను పట్టుకుని, దానికేసే చూస్తూ కూర్చున్నాడు.

మోగింది.

“అరటిపండు ఒలిచి పెట్టినట్టుందన్నా! పని నీదే.”

గురుస్వామి షెడ్డులోనే గంతేశాడు. “ఎవర్ని చెక్కాల టీచరమ్మా?”

“వినాయకుడినే. కాకుంటే...” వెనక పిల్లలు గట్టిగా ఏదో అరిచారు. “హంస మీదే కావాలంట. పాపం, ఎలుకకు ఒక్కసారన్నా సెలవియ్యమంటాండారు!”