బయటికొచ్చిన వేళ

మా ల్యాబ్‌లో చలిగదికి ఒక్కటే నియమం. లోపలికెళ్ళిన వేళ, బయటికొచ్చిన వేళ ఎదురుగోడ మీది కాగితంలో రాయాలి. ఆ రాత్రి కిడ్నీ క్యాన్సర్ రోగుల కణితి ముక్కలూ, వాళ్ళ ఇళ్ళ నుంచి తెచ్చిన తాగునీళ్ళ సీసాలూ దాచడానికి వెళ్ళాను.

నా పై వరుసలో ఎవరో ఏడింటికి లోపలికెళ్ళినట్టు రాసి ఉంది. బయటికొచ్చినట్టు లేదు. తొంగిచూస్తే నాలుగడుగుల గది, ఎవరూ లేరు. ఖాళీ గడి కనపడితే నాకు ఒళ్ళు మంట. అక్కడ ఎనిమిది అని నేనే రాసేసి, కింద నా పేరూ లోపలికెళ్ళే వేళా రాసి లోపలికెళ్ళాను.

పని ముగించి హ్యాండిల్ తిప్పితే తలుపు కదల్లేదు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూశాను. లైట్లు ఆర్పేముందు వాచ్‌మన్ బాబాయ్ ఆ కాగితం చూస్తున్నాడు.

"బాబాయ్! నేనింకా లోపలే ఉన్నాను!"

ఎంత బాదినా ఆయనకి వినపడలేదు. వేలు పెట్టి వరుసలన్నీ చదువుకుని, తృప్తిగా తలాడించాడు. నా పేరు పక్కన బయటికొచ్చిన వేళ గడి కూడా నిండి ఉంది. అది నేను రాయలేదు.

లైట్లు ఆరిపోయాయి. ఆయన చెప్పుల చప్పుడు దూరమైంది. నా వెనక సీసాలు మెల్లగా ఒకదానికొకటి తగిలాయి.

"నా గడిలో రాసింది నువ్వేనా, అమ్మాయ్?"