నడిమి చెక్క

"పైనేమో రాయిలాంటి ఐసు, కిందేమో పులిసిన నా పెరుగు. ఇదేం బీరువా తమ్ముడూ?" అంది పొరుగింటి సుబ్బరత్నం గడప అవతలే నిలబడి. నీసు ముట్టని మనిషి, ఈ ఇంట్లో మంచినీళ్ళయినా తాగి ఎరగదు.

దొరగారి బంగళా వేలంలో కొన్న కిరసనాయిలు దీపంతో నడిచే ఐసుబీరువా అది. నూర్ మొహమ్మద్ వత్తి సరిచేశాడు. లోపల చెయ్యిపెట్టి తడిమాడు.

"ఏమే హలీమా, నడిమి అరలో ఈ చెక్క ఏంది?"

హలీమాకు దాచే దారి లేకపోయింది. "పైన మన మాంసం ఉంటది గదా. ఆ గాలి వదిన పెరుగు మీదికి దిగకుండా నేనే అడ్డం పెట్టా."

"చలవ గూడా పైనించే దిగాల గదే."

ఇక వదిన గిన్నె తీసుకుని పోతుంది, మళ్ళీ రాదు అనుకుంది హలీమా.

సుబ్బరత్నం గడప దాటి లోపలికొచ్చింది. చెక్కను బయటికి లాగింది.

"ఇది పెట్టమని నేనేమన్నా అడిగానా?"

హలీమా తల అడ్డంగా ఊపింది. సుబ్బరత్నం చెక్కను నేలమీద వేసి, దానిమీదే చతికిలబడింది.

"చల్లబడిందాకా ఇక్కడే కూచుంటా. పులిస్తే పులిసిందిలే, మజ్జిగ చేసుకుని ముగ్గురం తాగుదాం. గ్లాసులు మాత్రం నీయే కడిగి పెట్టు."