నిండు గిన్నె

మట్టిగిన్నె చేజారి, బండమీద పడి ముక్కలైంది.

షాయాకి ఏడుపొచ్చినంత పనైంది.

"వెనకనుంచి అలా కేకేస్తారా తాతా? గుండె ఆగిపోయింది!"

ఒంటెలూ మేకలూ మేపే ముసలాయన కర్రమీద ఆనుకుని నిలబడ్డాడు. భుజాన తోలుసంచి, అందులో నీళ్ళు. ఎగరొప్పుతున్నాడు.

"ఆ బండలు జారతాయి తల్లీ. అటు పోవద్దని చెబుదామని..."

"నా దారి నాకు తెలుసులెండి."

నిజానికి తెలియదు. సరస్సు ఒడ్డున ఆ రాళ్ళ బాట పట్టడం ఆమెకి అదే మొదటిసారి. ఆమె పుట్టకముందే ఆనకట్ట కట్టారు. ఊరు మునిగింది. జనాన్ని స్టీమర్లెక్కించి, ఎక్కడో చెరకుతోటల పక్కన దింపారు.

ఇప్పుడక్కడ వాళ్ళమ్మ నబ్రా మంచం పట్టింది. ఈ చలికాలం గట్టెక్కేలా లేదు. ఆమె కోరిక ఒక్కటే. చంటితనంలోనే పోతే ఊళ్ళో పాతిపెట్టి వచ్చిన తొలిచూలు కొడుకు ఖైరీకి గిన్నెడు నీళ్ళు పోసి రావాలి. సమాధి తలాపున గిన్నె పెట్టి నీళ్ళు పోయడం వాళ్ళలో ఆచారం. పొయ్యకపోతే పోయినవాళ్ళకి దాహం తీరదంటుంది నబ్రా. "పొద్దు వాలకముందే పొయ్యవే, చీకటి పడితే వాడికి అందవు" అని మరీమరీ చెప్పి పంపింది.

సమాధేమో సరస్సు అడుగున ఉంది. "నీళ్ళలో ఉన్నవాడికి నీళ్ళేంటక్కా!" అని పడవ నడిపే అవద్ నవ్వాడు. నవ్వితే నవ్వనీ, అమ్మకి మాటిచ్చింది. ఊరు మునిగిన చోటికి ఎదురుగా, సరస్సులోకి పొడుచుకొచ్చిన నేలకొమ్ముదాకా నడిచి, అక్కడ నీళ్ళలోనే పోసి వద్దామని పడవ దిగి బయల్దేరింది.

తీరా చూస్తే గిన్నె పగిలింది.

"ఏ ఊరమ్మా మీది?" ముసలాయన వదలడం లేదు.

"మా ఊరా? చేపల్ని అడగండి, చెబుతాయి."

ఆయన నవ్వలేదు. "ఎవరి తాలూకు?"

"అవన్నీ మీకెందుకు తాతా? పొద్దు పోతోంది."

"ఎందుకంటే... నా మోకాళ్ళు పోయాయి తల్లీ. మళ్ళీ చలికాలానికి ఈ మెట్ట ఎక్కలేను. పైన నేను నీళ్ళు పోసే గిన్నె ఒకటుంది. మీవాళ్ళెవరైనా అప్పుడప్పుడూ వచ్చి..."

"బాగుంది వరస! ఊళ్ళు పోగొట్టుకున్నది చాలక, ఇక మీ మేకలకి నీళ్ళు కూడా మొయ్యాలా?"

ముసలాయన తోలుసంచి భుజాన సర్దుకున్నాడు. కర్ర తాటించుకుంటూ మెట్ట ఎక్కడం మొదలుపెట్టాడు.

షాయా ఒడ్డువెంటే నడిచింది. చలిగాలి ముసుగును లాగేస్తోంది. రాళ్ళు చెప్పుల్లోంచి గుచ్చుతున్నాయి. కొంతదూరం పోయేసరికి నీళ్ళు బండలదాకా వచ్చి బాటను మింగేశాయి. ఇక పైకెక్కక తప్పలేదు. ఆయన చెప్పింది నిజమే అనిపించింది కానీ, అంత మాట అన్నాక వెనక్కి పిలవడానికి మొహం చెల్లలేదు.

ఆమె మెట్ట మీదికి చేరేసరికి ఆయన అవతలి వాలున దిగిపోతున్నాడు.

పైన చిన్న రాళ్ళకుప్ప ఉంది. దారి గుర్తుకోసం ఒంటెలవాళ్ళు పేర్చుకుంటారే, అలాంటిదనుకుంది. దానిమీద పాత మట్టిగిన్నె ఉంది. అంచుదాకా నీళ్ళు.

సూర్యుడు కొండలకి ఆనాడు. ఇక ఆలోచించే వేళ కాదు.

"ఒక్కపూట తాగకపోతే మేకలేం చావవులే" అనుకుంటూ గిన్నె ఎత్తి, నీళ్ళు ఇసకలో ఒలకబోసింది. పరుగున కొమ్ముమీదికి దిగి, సరస్సులో ముంచింది. ఊరున్న వైపు తిరిగింది.

"ఖైరీ, అన్నా, అమ్మ పంపింది. తాగు."

నీళ్ళు నీళ్ళలో కలిశాయి. ఎన్నడూ చూడని అన్నకోసం షాయా అక్కడే కూలబడి ఏడ్చింది. కళ్ళు తుడుచుకునేసరికి పొద్దు పోయింది.

"అక్కా! చీకటి పడుతోంది, వస్తావా రావా?" వెతుక్కుంటూ కొమ్ము కిందికి వచ్చిన పడవలోంచి అవద్ అరిచాడు.

గిన్నె తిరిగి పెట్టడానికి వ్యవధి లేదు. కొంగున చుట్టుకుని పరిగెత్తింది.

ఇంట్లో నబ్రా కళ్ళు వాకిలికేసే ఉన్నాయి. చూపు ఆనకపోయినా అడుగుల చప్పుడు పట్టేసింది.

"పోశావా?"

"పోశానమ్మా. పొద్దుండగానే."

"ఏదీ, గిన్నె ఇలా ఇవ్వు. వాడు తాగిన గిన్నె."

షాయా ఇచ్చింది. నబ్రా వేళ్ళు అంచువెంట తడుముతూ పోయి, ఒకచోట ఆగాయి. పచ్చిమట్టిమీద నొక్కిన మూడు సొట్టలు అక్కడున్నాయి. మూడు వేళ్ళూ ఆ మూడింట్లో సరిగ్గా కూర్చున్నాయి.

"ఇది నేను చేసిన గిన్నె. ఖైరీ తలాపున పెట్టి వచ్చాను. నీళ్ళ అడుగున ఉండాలే! నీకెక్కడిది?"

"మెట్టమీద... రాళ్ళకుప్పమీద దొరికింది."

"ఎంత కుప్ప?"

ఎంతుందో చూపించడానికి షాయా చేతులు చాపింది. చాపిన చేతులకేసి చూసుకుని, "చంటిబిడ్డంత అమ్మా" అంది.

నబ్రా వేళ్ళు మళ్ళీ ఆ సొట్టల్లోకి వెళ్ళాయి.

"స్టీమరెక్కిన రోజు రేవులో గుండెలు బాదుకుంటుంటే, ఒంటెలవాడొకడు దగ్గరికొచ్చి, 'ఏడవకమ్మా, నీ బిడ్డని తడవనివ్వను' అన్నాడే. ఏదో ఊరడింపుకి అన్నాడనుకున్నాను."

ఆమె గిన్నెను గుండెకి హత్తుకుంది.

"నువ్వు వెళ్ళేసరికి ఇందులో నీళ్ళున్నాయా తల్లీ?"

"నిండుగా ఉన్నాయమ్మా" అంది షాయా, ఆ నీళ్ళు తన చేత్తోనే ఒలకబోశానని చెప్పలేక.