చుక్కను తాకినవాళ్ళు

టోపీ పెట్టుకున్న మనిషొకడు వెనక తలుపు తోసుకుని వచ్చి, ఉలుకూ పలుకూ లేకుండా కుక్కపిల్ల చుక్క ముందు గొంతుక్కూర్చున్నాడు.

టైలరమ్మ చేతిలో తాడు బిగించింది.

పొద్దున్నే ఆ హాలు ఖాళీగా ఉంటుంది. కుక్కల పోటీలు జరిగేది అక్కడే కాబట్టి, రోజూ ఆ వేళకు చుక్కను తెచ్చి రింగులో నడిపిస్తోంది.

నుదుట తెల్లమచ్చతో ఏడాది నిండని కూన అది. ఇంట్లో కుట్టుమిషను కింద పడుకుని రాణిలా ఏలుతుంది. పోటీలో జడ్జి దాని పళ్ళు చూడబోతే మాత్రం తాడు తెంపుకుని పరుగే. ఇప్పటికి రెండుసార్లయింది.

"మూడోసారీ పరువు తీసిందో, నేను వెనక్కి తీసుకుపోతాను వదినా," అని ఆడపడుచు తేల్చేసింది. కూనను ఇచ్చింది ఆవిడే. "కుక్కనిస్తే కుందేల్ని చేశావు!"

చుక్క పోతే ఆ ఇంట్లో ఇక మిగిలేది మిషను చప్పుడే.

ఆ దిగులులో, కిందటి వారం హాలు ఊడ్చేవాడు చుక్క ముందు చెయ్యి చాపితే టైలరమ్మ కసిరేసింది కూడా.

"నీ చీపురు చూసే ఇది హడలి చస్తోంది. మేమున్నంతసేపూ ఈ ఛాయలకు రాకు!"

"అలాగేనమ్మా," అని వాడు తప్పుకున్నాడు.

ఇప్పుడు ఈ టోపీవాడు ఎవడో!

అతను చేతి వెనకవైపు చూపించాడు. చుక్క వాసన చూసింది. గడ్డం కింద తాకాడు. పెదవి ఎత్తి పళ్ళు చూశాడు. వెన్ను నిమిరాడు.

"అంతే తల్లీ, అయిపోయింది," అని గొణిగాడు.

"ఎవరండీ మీరు?"

అతను లేచాడు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

మర్నాడు వానకోటు మనిషి వచ్చాడు. బయట చూస్తే ఫెళ్ళున ఎండ. అదే తాకడం, అదే మాట.

మూడోనాడు నల్లకళ్ళద్దాలవాడు. నాలుగోనాడు చేతికర్ర టకటకలాడించుకుంటూ ఒక కుంటివాడు. అయిదోనాడు మఫ్లరు చుట్టుకున్నవాడు వచ్చి, చుక్క పక్కనే గొడుగు టప్పున తెరిచాడు.

"అంతే తల్లీ, అయిపోయింది."

టైలరమ్మ చుక్కను దగ్గరకు లాక్కుంది. ఇంతమందికి ఒకటే మాట ఎవరు నేర్పారు?

దానికన్నా వింత ఇంకోటి. తలుపు తెరుచుకోకముందే చుక్క అటు తిరిగి తోక ఊపుతోంది.

దీపం పెట్టి దండం పెట్టుకుంటున్నా ఆ మాటే చెవిలో మోగుతోంది. నువ్వు పంపినవాళ్ళయితే పేరు చెప్పడానికేం స్వామీ? కాకపోతే, నోరులేని దానికి వాళ్ళంటే భయమెందుకు లేదు?

ఆడపడుచుకు చెప్పుకుంది.

"టోపీ అంచు పిగిలిపోయింది. వానకోటుకు రెండో గుండీ లేదు. మఫ్లరు చేత్తో అల్లింది..."

"ముఖాలెలా ఉన్నాయి వదినా?"

టైలరమ్మ ఆలోచించింది. "ముఖాలా...?"

"బాగుంది సంబడం! నీకు మనుషులు కనిపిస్తారా, కొలతలే గాని!"

ఆరోనాడు, చీలమండల దాకా వేలాడే పెద్ద కోటులో ఒకడు వచ్చాడు. ఈసారి చెయ్యి పైనుంచి దిగింది. చుక్క కదల్లేదు. టైలరమ్మే హడలిపోయింది. చుక్కను చంకనేసుకుని మేనేజరు గదికి పరుగెత్తింది.

"మీ వెనక తలుపులోంచి రోజుకొకడు వస్తున్నాడు! నా కుక్కను ఎత్తుకుపోతే ఎవరిది పూచీ?"

"ఆ తాళం ఊడ్చేవాడి దగ్గరుంటుందమ్మా. వాడి సంగతి నేను చూస్తాను."

మర్నాటి నుంచి ఎవరూ రాలేదు. చుక్క మాత్రం రోజూ ఆ తలుపు వైపే చూసేది.

పోటీ నాడు వాన. రింగు చుట్టూ గొడుగులు టపటపమన్నాయి. జడ్జికి టోపీ, చేతికర్ర. ఆయన వంగి, పైనుంచి చెయ్యి చాపాడు.

టైలరమ్మ తాడు బిగించబోయింది. ఎక్కడినుంచి ఊడిపడిందో, ఆ మాటే పెదవి దాటింది.

"అంతే తల్లీ, అయిపోయింది."

చుక్క రాతిబొమ్మలా నిలబడింది.

వచ్చింది మూడో స్థానమే. అయినా ఆడపడుచు వచ్చి వాటేసుకుంది. "కుందేలు కాదు వదినా, సింహం! నీ దగ్గరే ఉండనీ."

కళ్ళు తుడుచుకుంటూ టైలరమ్మ మేనేజరు దగ్గరకు వెళ్ళింది.

"ఆ మనుషులు మళ్ళీ వస్తే కబురు పెట్టండి. చేతులెత్తి దండం పెట్టాలి."

"ఇంకెక్కడి మనుషులమ్మా? ఊడ్చేవాణ్ణి ఆ రోజే మాన్పించేశాను. 'ఎవర్ని లోపలికి రానిస్తున్నావురా' అంటే, 'ఎవర్నీ రానివ్వలేదయ్యా' అని ఒకటే పాట. పచ్చి అబద్ధాలకోరు!"

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఊరు విడిచిపోయాడట. ఎటు పోయాడో ఎవరికి తెలుసు?"

అంతలో చుక్క తాడు లాగింది. రింగు దాటి, వెనక తలుపు దాటి, ఇరుకైన సామాను గది దాకా ఈడ్చుకెళ్ళింది.

"ఇవన్నీ వచ్చిపోయేవాళ్ళు మరిచిపోయిన వస్తువులమ్మా," అంటూ వెనకే వచ్చిన మేనేజరు లైటు వేశాడు.

గోడకు వరసగా మేకులు. అంచు పిగిలిన టోపీ. రెండో గుండీ లేని వానకోటు. నల్లకళ్ళద్దాలు. చేతికర్ర. మఫ్లరు, గొడుగు. పెద్ద కోటు.

చుక్క వాటివైపు కన్నెత్తి చూడలేదు. మూలనున్న చీపురు ముందుకు వెళ్ళి, నాలుగు కాళ్ళూ సరిగ్గా ఊనుకుని, గడ్డం పైకెత్తి, చెయ్యి కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

టైలరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆరుగురి బట్టలూ కుట్టుతో సహా కళ్ళకు కట్టాయి గాని, వాటన్నిటినీ తొడుక్కుని వచ్చిన ఆ ఒక్కడి ముఖం ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు.