సంచిలో ఆరు ఇంజెక్షన్లు

హెడ్ నర్సును దొంగను చెయ్యాలని పెద్ద డాక్టరు సోమవారం పొద్దున్న, కాఫీ చల్లారేలోపే తేల్చేశాడు.

ఆమె చేసిన నేరం చిన్నది కాదు. ఆపరేషన్ కత్తులు, కత్తెరలు శుభ్రం చేసే ఆవిరి యంత్రం సరిగా వేడెక్కడం లేదని మూడుసార్లు కాగితం రాసిచ్చింది. మూడుసార్లూ ఆయన ఆ కాగితంతో కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఇప్పుడు ఆరోగ్యశాఖకు ఎవరో సంతకం లేని ఫిర్యాదు పెట్టారట. ఎవరో ఏమిటి, ఆవిడే!

ఆసుపత్రి మేనేజరు ఆయన సొంత బామ్మర్ది. డాక్టరు తలుపు మూసి, అతని చేతిలో ఆరు మత్తు ఇంజెక్షన్లు పెట్టాడు.

"ఇవి ఆవిడ సంచిలో చేరాలి. సాయంత్రం గేటు దగ్గర దొరకాలి."

"పాపం, పిల్లల తల్లి బావా..."

"నీ జాలి తగలెయ్య! చెప్పింది చెయ్యి."

దొరికాయి. అందరూ చూస్తుండగానే ఉద్యోగం ఊడింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిన్నగా లేబర్ కోర్టుకు వెళ్లింది.

పెద్ద డాక్టరు తరఫు లాయరు నెత్తి గోక్కున్నాడు. "ప్రమాదం ఉందని చెప్పినందుకు కక్షగట్టి తీసేశారని తేలితే ఉద్యోగం, ఆగిన జీతం రెండూ తిరిగివ్వాలి. దొంగతనం కట్టుకథని తేలిందో, మీ మీద ఇంకో కేసు. గట్టి సాక్షి ఎవరైనా ఉన్నారా?"

"మా ఇంట్లోనే ఉన్నాడు," అన్నాడు డాక్టరు మీసం దువ్వుకుంటూ.

విచారణ రోజు బామ్మర్ది ఇస్త్రీ చొక్కా వేసుకుని బోనెక్కాడు.

"ఇంజెక్షన్లు ఆ సంచిలోకి ఎలా వచ్చాయో చెప్పండి," అన్నాడు లాయరు.

"నేనే పెట్టానండి. బావ పెట్టమన్నారు. పెట్టేముందు సిస్టర్‌గారికి చెప్పాను. 'మీరు కాదంటే ఇంకొకరు పెడతారు, వాళ్లు కోర్టులో నిజం చెప్పరు. మీరే పెట్టండి' అన్నారు."

కోర్టు గొల్లున నవ్వింది. లాయరు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. పెద్ద డాక్టరు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"ఒరేయ్, నీకేం పోయేకాలం వచ్చిందిరా! అయినవాడివని అందలం ఎక్కిస్తే, నా మీద ఫిర్యాదు పెట్టినదాని పక్కన చేరతావా? అందుకే కదరా దాన్ని తీసేసింది!"

జడ్జిగారు ఆ మాట పొల్లుపోకుండా రాసుకున్నారు.

"ఆవిడ పెట్టలేదు బావా, ఆ ఫిర్యాదు నాదే," అన్నాడు బామ్మర్ది. "అంతకు ముందు నెల మీరు నా అపెండిక్స్ కోసింది ఆ యంత్రంలోంచి తీసిన కత్తితోనే కదా!"